మై ఫాదర్ ఈజ్ ఎ... (వాడ బడి ముచ్చట్లు - 7)



ఇవాళ ఇంగ్లీషు ముచ్చట. పోయిన భాగాలు చదివినోళ్లకు మా వాడ బడి సంగతి ఎరుకే. కొత్తోళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోత. 2020 మార్చిల కరోనాతోని బళ్లు మూతబడ్డయి. సెప్టెంబర్ 1 నుంచి టీశాట్‌ల, దూరదర్శన్ యాదగిరిల టీవీ పాఠాలన్నరు. జనగామల మా వాడల టీవీలు ఉన్నయి. ఆ టీవీ ముందల పిల్లలను కూసుండబెట్టే పెద్దోళ్లు ఇంట్ల లేరు, అందరు కలుపుకు పోయిండ్రు. అట్ల అంబేద్కర్ సంఘం హాల్ల సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా పిల్లలను కూడేసుడు మొదలైంది. బళ్లు తెరిచినంక గూడ ఆగలేదు. మెల్లగ మానుకోట దగ్గర ఒక తండాల, భూపాలపల్లిల మా అక్కోళ్లుండే బస్తీల గూడ దోస్తులు మొదలువెట్టిండ్రు. జనగామల రోజూ నేనే ఉంట, ఆ రెండు తావులకు వారం మార్చి వారం పోత.

మా దగ్గరికి వచ్చేది ఐదేండ్ల నుంచి తొమ్మిదేండ్ల పిల్లలు. ఐదో తరగతికి గురుకులం ఎంట్రన్సు ఉంటది గద, సీటొస్తె పిల్లగాడు హాస్టల్ల పడి గట్టెక్కుతడు. అప్పటిదాకా ఉన్న ఆ నాలుగేండ్లే గండం. ఆ నాలుగేండ్లల్ల ఇంగ్లీషు అంటే భయం పట్టుకుంటె ఇగ ఎన్నడు వదలదు. నాకు పట్టుకున్నది, అందుకే చెప్తున్న.

నేను ఇంగ్లీషు సారును కాదు. నాది జిరాక్సు షాపు. బీఏ తెలుగు మీడియం. ఆరో తరగతిల ఏబీసీడీలు చూసినోన్ని. ఇరవై ఏండ్ల సంది జనాల అప్లికేషన్లు నింపీ నింపీ వచ్చిన ఇంగ్లీషు నాది. క్యాస్ట్ సర్టిఫికెట్, ఇన్‌కం సర్టిఫికెట్, స్కాలర్‌షిప్, గురుకులం ఫారం. ప్రతి ఫారంల ఒక గడి ఉంటది, ఫాదర్స్ ఆక్యుపేషన్ అని. మనోళ్లు వస్తె నేను అడగను గూడ అడగను. ఆ గడిల 'కూలీ' అని రాసి ముందుకు పోత. నా చెయ్యికి అలవాటైపోయింది. ఆ గడి సంగతి మల్ల చెప్త.

2022ల సర్కారు బళ్లల్ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం అన్నరు. పుస్తకాలు గూడ అట్లనే వచ్చినయి, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. నేను పండుగ చేసుకున్నోన్ని, దాపరికం లేదు. కానీ రెండు నెలలకు మా పిల్లల పుస్తకాలు తిరగేస్తె ఏమున్నది? తెలుగు పేజీ మూలలు మడిగి, నూనె మరకలు పడి, పెన్సిలు గీతలతోని నలిగి ఉన్నది. ఇంగ్లీషు పేజీ షాపుల కొన్నట్టే తెల్లగ ఉన్నది. మీడియం వచ్చింది, మాట రాలేదు. సరే, మాటలు మనం నేర్పుదామని ఆ సెప్టెంబర్ల ఒక చార్టు కొన్న. అరవై రూపాయలు. 'అవర్ హెల్పర్స్' అని మీద రాసి ఉన్నది.

ఆ చార్టు మీరు గూడ చూసి ఉంటరు. పైన డాక్టరు, టీచరు, పోలీసు, పోస్ట్‌మ్యాన్. కిందికి వచ్చేసరికి బార్బర్, వాషర్‌మ్యాన్, స్వీపర్. అన్నిటికంటె కింద మూలకు చెట్టు కింద వంగి కూసున్న ముసలాయన, చేతుల చెప్పు, కింద కాబ్లర్ అని. పాఠ్యపుస్తకాలల్ల మేం ఉండం అని నేను శానసార్లు రాసిన. చార్టుల మాత్రం ఉన్నం. ఎక్కడున్నమో ఆ బొమ్మ గీసినాయనకు తెలుసు.

కొనేటప్పుడు నేను అంత సోయి పెట్టి చూడలేదు. గోడకు మేకు కొట్టి తలిగేసి, "మై ఫాదర్ ఈజ్ ఎ..." అని మొదలుపెట్టి, ఒక్కొక్కరు పూర్తి చెయ్యాలె అన్న. ఆ రోజు పద్నాలుగు మంది ఉన్నరు.

మొదటోడు లేచి "మై ఫాదర్ ఈజ్ ఎ పోలీస్" అన్నడు. వాళ్ల నాయిన సెంట్రింగ్ పని చేస్తడు. రెండోడు "మై ఫాదర్ ఈజ్ ఎ డాక్టర్". వాళ్ల నాయిన మార్కెట్ యార్డుల హమాలీ. ఇంకొక డాక్టర్. ఇద్దరు టీచర్లు. ఎవ్వరు నవ్వలేదు. నవ్వితె నాకు ఇంత గుబులు కాకపోవు. అందరికి అందరి నాయినలు ఎరుకే. అయినా ఒక్కడు గూడ "అబద్ధం సార్" అనలేదు. అదేదో ముందే అనుకున్నట్టు ఒకరిని ఒకరు కాపాడుకున్నరు.

మూడో తరగతి చదివే ఒక పిల్ల మాత్రం లేవలేదు. ఆ పిల్ల నాయిన డప్పు కొడతడు, చావుకు, పెండ్లికి, బోనాలకు. మిగిలిన రోజులు కూలికి పోతడు. చదువుకు ఖర్చు పెడితెనే బాగుపడుతరని ఆ పిల్లను ఒక ప్రైవేటు బడిల ఏసిండు. ఏం బిడ్డా, చెప్పవా అంటె తల ఎత్తకుంట, "కాబ్లర్ అనొద్దు సార్" అన్నది.

నాకు అర్థం కాలేదు. మీ నాయిన చెప్పులు కుట్టడు గద అన్న. "మా క్లాసుల పొలగాండ్లు అంటరు సార్, కాబ్లర్ కాబ్లర్ అని."

చూడుండ్రి. ఆ పొలగాండ్లకు ఎనిమిదేండ్లు. ఇంట్ల ఆ పిల్ల కులం పేరు ఇని ఉంటరు, బడిల చార్టు చూసి ఉంటరు, రెండు కలుపుకున్నరు. నా చిన్నతనంల నన్ను తెలుగుల తిట్టిండ్రు. ఇప్పుడు ఫీజు కట్టి మరీ ఇంగ్లీషుల తిట్టు కొనుక్కున్నం. ఆ బడి పేరు రాయను. పేరు రాస్తె ఆ ఒక్క బడి సంగతే అయిపోతది. ఆ చార్టు ఎన్ని గోడలకు ఉన్నదో లెక్క లేదు.

ఆ రాత్రి షాపు మూసినంక డిక్షనరీ ముందరేసుకున్న. డప్పు అంటె డ్రమ్. డప్పు కొట్టేటాయన డ్రమ్మర్. ఇంత అలకటి మాట నాకు హాల్ల ఎందుకు యాదికి రాలేదో ఇప్పటికీ సిగ్గే. అంతల పి అక్షరం దగ్గర ఇంకొక మాట కనవడ్డది, పరయా. అర్థం వెలివడ్డవాడు, ఎవరు దగ్గరికి రానియ్యనివాడు. ఎక్కడి నుంచి వచ్చిందని చూస్తె తమిళం నుంచి. తమిళంల పఱై అంటె డప్పు. పఱైయర్ అంటె ఆ డప్పు కొట్టేటోళ్లు. మన దగ్గరికి వచ్చిన తెల్లోళ్లు ఆ కులం పేరును ఎత్తుకపోయి వాళ్ల భాషల ఛీకొట్టే మాట చేసుకున్నరు. కూలీ అన్న మాట గూడ ఇక్కడి నుంచి పోయిందే. అంటె నేను ఇరవై ఏండ్ల సంది ఫారాలల్ల రాస్తున్నది, మనల్ని చూసి వాళ్లు నేర్చుకున్న మాట. ఇంగ్లీషుకు కులం లేదని మనోళ్లు సభలల్ల అంటరు, నేను గూడ అన్న. ఆ రాత్రి తరువాత ఆ మాట అనుడు బందువెట్టిన.

అట్లని ఇంగ్లీషు వద్దంటనా? అననే అనను. బాబాసాహెబ్ బడిల సంస్కృతం చదువుకుంట అంటె అంటరానోనికి చెప్పమన్నరు, పార్సీ తీసుకున్నడు. ఆయనకు సంస్కృతం తలుపు మూసిన మనుషులు ఇంగ్లీషు తలుపు మూయలేకపోయిండ్రు. ఆ సందుల నుంచే కొలంబియా దాకా పోయిండు. భాష మంచిదని పోలేదు, తలుపు తెరిచి ఉన్నదని పోయిండు. నేను ఇంగ్లీషును చూసేది గట్లనే.

తెల్లారి హాల్ల చార్టు తీసేసిన. "మై ఫాదర్ ఈజ్ ఎ డ్రమ్మర్" అని బోర్డు మీద రాసిన. పిల్లల మొఖాలు చూడాలె. ఫోన్లల్ల బ్యాండు వీడియోలు చూసే పిల్లలు, డ్రమ్మర్ అనంగనే సినిమా హీరోను చూసినట్టు ఆ పిల్లను చూసిండ్రు. ఆ పిల్ల మూడుసార్లు అన్నది. సెంట్రింగ్ ఆయన కొడుకు వచ్చి మా నాయినకు ఏమనాలె అన్నడు. బిల్డర్ అను బిడ్డా, ఇండ్లు కట్టేది ఆయననే గద అన్న. హమాలీ కొడుక్కు లోడర్. ఆ సాయంత్రం డాక్టర్లు, పోలీసులు అందరు రాజీనామా చేసిండ్రు. నేను ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువ తిన్న.

నాలుగు రోజులకు ఆ పిల్ల నాయిన షాపుకు వచ్చిండు. నాకు వరుసకు అన్న అయితడు. మెచ్చుకుంటడనుకున్న. కుర్చీల కూసోకుంట నిలవడే అడిగిండు.

"ఏం తమ్మీ, నన్ను డ్రమ్మర్‌ను చేసినవట?"

"అవునన్నా, తప్పా?"

"తప్పని కాదు. మొన్న ఊర్లకెల్లి శవం లేస్తె పొద్దటి నుంచి కొట్టిన. ఆరు వందలు చేతుల పెట్టిండ్రు, అండ్ల ఇద్దరం పంచుకున్నం. ఇంగ్లీషుల పిలిస్తె కూలి పెరుగుతదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పైగా మా నాయిన 1990లల్ల డప్పు వదిలేసినోడు. చావు డప్పు కొట్టం అని మా వాడ కట్టు పెట్టుకున్నది, దానికి తన్నులు గూడ తిన్నరు. తర్వాత 1994ల దండోరా వచ్చి అదే డప్పును జెండా లెక్క సంకకు ఏసుకున్నది. వదిలినోళ్లు మా వాళ్లే, ఎత్తుకున్నోళ్లు మా వాళ్లే. నేను ఒక్క ఇంగ్లీషు మాటతోని ఈ కొట్లాట అంత తుడిచేసిన్నా అని రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆ అన్న పోతపోత, "పొల్లకైతె ఖుషీగ ఉన్నది, కానియ్" అన్నడు. అదొక్కటే ఊరట.

ఇగ మాతృభాష సంగతి. ఎక్కడ మాట్లాడినా ఒక పెద్దమనిషి లేచి, చిన్నపిల్లలకు మాతృభాషలనే చెప్పాలె, కొరియాను చూడుండ్రి, జపాన్‌ను చూడుండ్రి అంటడు. ఆయన పిల్లలు ఏ మీడియమో నేను అడగ, అది పాత ప్రశ్న. కొరియా గురించి మాత్రం నాకు జరంత తెలుసు. మా చిన్నక్క కొడుకు అక్కడ పీహెచ్‌డీ చేస్తున్నడు. ఒకనాడు ఫోన్ల అడిగిన, అల్లుడా, అక్కడ పిల్లలకు ఇంగ్లీషు ఎట్ల చెప్తరని.

"మామా, అన్ని సబ్జెక్టులు కొరియన్లనే. ఇంగ్లీషు మూడో తరగతి నుంచి, అది 1997ల పెట్టిండ్రు. కానీ బడి అయినంక హాగ్వన్ అని ట్యూషన్లుంటయి. రాత్రి దాకా చిన్నచిన్న పిల్లలు బస్సులల్ల తిరుగుతనే ఉంటరు. ఇంకా పైసలున్నోళ్లకు బడికి పోకముందు నుంచే ఇంగ్లీషు కిండర్‌గార్టెన్లు."

మరి నువ్వు గూడ రెండు గంటలు చెప్పుకొని నాలుగు పైసలు సంపాయించుకోరాదా అన్న. నవ్విండు. ఆ హాగ్వన్లల్ల ఇంగ్లీషు చెప్పేటందుకు వీసా ఇచ్చేది ఏడు దేశాల పాస్‌పోర్టులకేనట. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. "నా థీసిస్ మొత్తం ఇంగ్లీషుల రాస్తున్న మామా, ఐదేండ్ల పిల్లకు యాపిల్ అని చెప్పేటందుకు పనికిరాను" అన్నడు. వాడు గురుకులంల చదివినోడు. ఇక్కడ మాది తెలుగు కాదన్నరు, అక్కడ మాది ఇంగ్లీషు కాదన్నరు.

ఇంకొక ముచ్చట గూడ వాడే చెప్పిండు. కొరియా అక్షరాలను సెజోంగ్ అనే రాజు 1446ల జనంల పెట్టిండట, మామూలు మనుషులు చదువుకోవాలని. అప్పటికే చైనా లిపి వచ్చిన పండితులు వద్దని అర్జీ పెట్టిండ్రట. పండితుడు ఏడున్నా పండితుడే. అయితే ఇప్పుడు అక్కడ ఊడ్చేటామె బిడ్డ, కంపెనీ ఓనరు బిడ్డ ఒకటే అక్షరం, ఒకటే బడి భాష. మీద ఇంగ్లీషు ఎవరెంత కొనుక్కుంటె అంత. కొరియాను చూపెట్టే పెద్దమనుషులు ఆ మొదటి సగం మన దగ్గర ఎన్నడన్న చేసిండ్రా? మా తాతకు నిజాం కాలంల కాగితాలన్ని ఉర్దూల ఉండేవి, వేలిముద్ర ఒక్కటే ఆయనది. నా కాలంల పుస్తకం తెలుగు వచ్చింది, అది మా అవ్వ మాట్లాడే తెలుగు కాదు. 'ఒస్తున్న సార్' అంటె క్లాసంత నవ్వింది. మా పిల్లలకు ఇప్పుడు ఇంగ్లీషు. మూడు తరాలు మూడు భాషలల్ల చదివినం, మూడూ ఇంట్లయి కావు.

మానుకోట తండాకు పోతె ఇది ఇంకా తేటగ కనవడుతది. అక్కడ పిల్లలకు అమ్మ అంటె యాడి, నీళ్లంటె పాణి, రొట్టె అంటె బాటి. ఒకటో తరగతిల అమ్మ, ఆవు అని మొదలువెట్టంగనే ఆ పొలగాడు పరాయి దేశంల ఉన్నట్టే లెక్క. వానికి తెలుగు గూడ ఇంగ్లీషే. అక్కడ నేను మొదట్ల చేసిన తప్పు ఏందంటె, ఇంగ్లీషు మాటకు తెలుగుల అర్థం చెప్పుడు. వాటర్ అంటె నీళ్లు, నీళ్లంటె పాణి అని వాడు రెండు గుట్టలెక్కి దిగాలె. ఇప్పుడు తండాల ఇంటర్ చదివిన ఒక పిల్ల చెప్తున్నది. వాటర్, పాణి. మదర్, యాడి. సీదా. పిల్లలు బాటి అనుకుంటనే బ్రెడ్ అని ఒర్రుతున్నరు. నేను పక్కకు కూసొని ఇంటున్న, ఆ పిల్ల నాకంటె మంచి సారు.

ఆ తొవ్వల ఒకసారి డోర్నకల్‌ల దిగిన. అక్కడి పెద్ద చర్చి చూసినోళ్లకు తెలుసు, మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు కలిసి ఉంటయి. దాన్ని కట్టించిన అజరయ్య బిషప్ తమిళాయన. 1912ల బిషప్ అయిండు, ఇక్కడి మాల మాదిగల నడుమ పని చేసేటందుకు తెలుగు నేర్చుకున్నడు. అదే మనిషి 1910ల ఎడిన్‌బరోల ప్రపంచ మిషనరీల సభల నిలవడి, మీరు మాకు అన్నీ ఇస్తరు గని పక్కన దోస్తు లెక్క కూసుండనియ్యరు అన్న అర్థం వచ్చేటట్టు తెల్లోళ్ల మొఖం మీదనే, వాళ్ల ఇంగ్లీషులనే అడిగిండు. మతం సంగతి ఇక్కడ పక్కకు పెట్టుండ్రి. పేదోళ్లతోని వాళ్ల భాషల, పెద్దోళ్లతోని పెద్దోళ్ల భాషల మాట్లాడిండు. మా పిల్లలకు నేను కోరుకునేది గదే.

భూపాలపల్లి కథ వేరు. మా బావ సింగరేణిల అండర్‌గ్రౌండ్. ఏడో తరగతి ఫెయిల్. కానీ ఆయన నోట్ల ఇంగ్లీషు ఎంతున్నదో ఒకనాడు రాసుకున్న. షిఫ్టు, మస్టరు, రూఫు, పిల్లరు, టబ్బు, రోపు, క్యాప్‌ల్యాంపు, ఓవర్‌మెన్, షాట్‌ఫైరర్, సేఫ్టీ, ఓపెన్‌కాస్టు... యాభై దాటినంక ఆపిన. తట్టా చెమ్మాస్ కాలంల చేరిన ముసలోళ్లు గూడ ఈ మాటలు నీళ్లు తాగినట్టు అంటరు. అది ఇంగ్లీషని వాళ్లకు ఎవరు చెప్పలేదు, అందుకే భయం లేదు. పిల్లలకు చెప్పిన, ఇంటికి పోయి మీ నాయిన నోట్లకెల్లి పది ఇంగ్లీషు మాటలు పట్టుకరాండ్రి అని. తెల్లారి ఇరవై ఏడు తెచ్చినోడు ఒకడు. రూఫ్ అంటె పైకి చూపెట్టిండ్రు. పిల్లర్ అంటె హాల్ల స్తంభాన్ని పట్టుకున్నరు.

ఒక దగ్గర నేనే బోల్తా పడ్డ. ప్లే అంటె ఏంది అన్న. ఆడుకునుడు అంటరనుకున్న. మా అక్క మనుమడు లేచి, "ఆదివారం డ్యూటీ తాతా, డబుల్ మస్టర్" అన్నడు. సింగరేణిల ప్లే డే అంటె గంతే, సెలవు నాడు పనికి దిగుడు. వానికి తప్పు అని చెప్పేటందుకు నాకు నోరు రాలేదు. రెండు అర్థాలు రాసిన బోర్డు మీద. వాడు రెండోది చూసి, "మరి ఆడుకునుడుకు పైసలియ్యరా?" అన్నడు.

అన్నీ ఇట్ల ఖుషీగ ఉంటయనుకోకుండ్రి. నలుగురు సగంలనే మానుకున్నరు. నైఫ్ అనే మాట రాపిచ్చినప్పుడు, చదవని కె అక్షరం ఎందుకు రాసిండ్రు సార్ అని ఒకడు అడిగితె, నాకు తెల్వదు బిడ్డా అన్న. వాళ్లవ్వ మరునాటి నుంచి పంపలేదు, సారుకే తెల్వదట అని. నా ఉచ్చారణ గూడ గంతంతే. ఫోన్ల పాఠాలు పెట్టి, అండ్ల ఎట్ల పలుకుతరో పిల్లలతోని కలిసి నేను గూడ పలుకుత. సార్ తప్పు సార్ అని వాళ్లే దిద్దుతరు.

డ్రమ్మర్ బిడ్డ సంగతి చెప్పి ఆపుత. ఆ పిల్లకు మొన్నటి ఎంట్రన్సుల గురుకులం సీటొచ్చింది. ఫారం నింపింది మా షాపుల్నే. ఫాదర్స్ ఆక్యుపేషన్ గడి కాడికి వచ్చేసరికి నా చెయ్యి అలవాటుగ సి అక్షరం దాకా పోయింది. పక్కన నిలవడ్డ పిల్ల చూస్తున్నది. వాళ్ల నాయిన మొఖం దిక్కు చూసిన. ఆయన కాసేపు ఏం అనలేదు. తర్వాత, "రెండు రాయరాదు తమ్మీ? కూలీ గూడ నిజమే గద" అన్నడు. గడి చిన్నగున్నది. సన్నగ రాసి రెండు ఇరికిచ్చిన.

హాస్టలుకు పొయ్యే ముందటి రోజు ఆ పిల్ల హాలుకు వచ్చింది. చిన్న పిల్లలకు వాళ్ల నాయిన డప్పు గురించి ఇంగ్లీషుల నాలుగు వాక్యాలు చెప్తనన్నది. మూడు చెప్పింది. నాలుగోదాని కాడ ఆగి నా దిక్కు తిరిగి, "దరువును ఇంగ్లీషుల ఏమంటరు సార్?" అన్నది. బీట్ అంటరు అన్న. తల అడ్డంగ ఊపింది. "బీట్ అంటె ఒక్క దెబ్బ సార్. దరువు అట్ల కాదు."

నాకు ఇంకొక మాట దొరకలేదు. సుద్దముక్క తీసుకొని బోర్డు మీద తనే రాసుకున్నది, డి, ఎ, ఆర్, యు, వి, యు. రాసి, "స్పెల్లింగ్ ఇంతేనా సార్, ఇంకేమన్న కలపాల్నా?" అని అడిగింది.